తెర లేని ఓటు

హార్మన్, అయోవా
అక్టోబరు ఆఖరు వారం

పెద్దమ్మకు,

మొన్న ఫోనులో మనం మాట్లాడుకోలేదు, అరుచుకున్నాం. నీ చెవి సరిగా వినపడక సగం, నా మాట నీకు నచ్చక సగం. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

అవును, సెనేటర్ మార్వా గెయిన్స్ తరఫున మా పేట బాధ్యత ఒప్పుకున్నాను. "నల్ల మనిషి, అందులోనూ ఆడమనిషి, ఈ దేశానికి అధ్యక్షురాలవుతుందని ఇంత చదువుకున్నదానివి ఎలా నమ్ముతున్నావే?" అని అడిగావు. నమ్ముతున్నానని నేనెప్పుడన్నాను? నా సంగతి నీకు తెలియంది కాదు. ఎండ కాస్తుంటే గొడుగు పట్టుకుని బడికి వెళ్లిన పిల్లని కదా. కాలేజీలో నా చరిత్ర క్లాసు పిల్లలు గదిలోకి వచ్చి, "మేడమ్, మీరుంటే మేమూ పనిచేస్తాం" అన్నారు. వద్దనడానికి నా దగ్గర కారణాలు బోలెడు. వాళ్ల మొహాలు చూస్తూ ఒక్కటీ నోటికి రాలేదు.

ఇక్కడి పద్ధతి నీకు కొత్త. మన దగ్గరలాగా తెర చాటుకు వెళ్లి మీట నొక్కి రావడం కాదు. పార్టీ తరఫున ఎవరు పోటీ చెయ్యాలో తేల్చడానికి జనవరిలో ఒక సాయంత్రం పేటంతా బడి భోజనశాలలో చేరుతుంది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల. ఎవరు కావాలనుకుంటే వాళ్ల మూలకి వెళ్లి నిలబడాలి. అదే ఓటు. నూటికి పదిహేను మంది లేని మూల చెల్లదు. అందులోవాళ్లు చెదిరి ఇంకో మూలలో చేరాలి, లేదా లెక్కలోకి రాకుండా పోవాలి. ఆ కాసేపూ పక్క మూలలవాళ్లు వచ్చి చేతులు పట్టుకుని పిలుస్తారు, మిఠాయి కూడా పెడతారు. భార్య ఎక్కడ నిలబడిందో మొగుడు చూస్తాడు. అప్పిచ్చినవాడు ఎక్కడున్నాడో తీసుకున్నవాడు చూస్తాడు.

నీతో ఒక పని పడింది. చర్చిలో చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని జనాన్ని కూర్చోబెట్టే ఆడవాళ్లకు నువ్వు పెద్దవి. మీ మాట ఊళ్లో పాస్టరుగారి మాట కన్నా ముందు నడుస్తుంది. మా తర్వాత నాలుగు వారాలకి మీ రాష్ట్రంలో ఓట్లు. మార్వా గురించి ఒక్క మాట చెప్పవూ?

నీ జెనీవా


బెతెల్ క్రాస్, సౌత్ కరోలినా
నవంబరు మొదలు

జెనీవా పిల్లా,

తెర లేదా? నిజంగానా?

నీ ఉత్తరం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. తెల్లవాళ్లు, ఊరందరి ఎదుట, మొహానికి ఏ అడ్డూ లేకుండా వెళ్లి నల్లదాని మూలన నిలబడతారా? నా పుట్టుకలో అలాంటిది వినలేదు.

మీ పెదనాన్న మోజెస్ ఓటరుగా పేరు రాయించుకోవడానికి కచేరీకి వెళ్తే, అక్కడి గుమాస్తా ఎంత మర్యాద చేశాడనుకున్నావు! "కూర్చో మోజెస్" అని నవ్వుతూ కుర్చీ చూపించి భోజనానికి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఇంకో రోజు వెళ్తే ఇంకో నవ్వు, అదే కుర్చీ. నవ్వులు చూసి మురిసే వయసు నాకు లేదు. మొహం ఎదురుగా నవ్వుతుంది, చెయ్యి తెర వెనక పనిచేస్తుంది. ఆ చెయ్యిని నేను ఎన్నడూ చూడలేదు. నీ దగ్గర అది చూడొచ్చంటున్నావు.

మా పాస్టరు రెవరెండ్ టిస్‌డేల్ అప్పుడే ఆమెతో పోటీపడుతున్న గవర్నర్ హాలోరన్ వైపు వెళ్లిపోయాడు. "గెలిచే గుర్రం ఎక్కుదాం సిస్టర్ ఎర్లీన్" అంటాడు. గుర్రం ఎక్కేది ఆయన, వెనక పరుగెత్తేది మనం. అయినా ఆయన మాటలో తప్పేముంది? మార్వాని చూస్తే నా గుండె పొంగుతుంది. ఆ వెంటనే శవపేటిక మీద పూలు కనపడతాయి. ఆమె ఎంత పైకి వెళ్తే అంత బాగా గురి కుదురుతుంది ఎవడికో. ఆమెకి ఓటు వెయ్యకపోవడమే ఆమెని కాపాడుకోవడమేమో అని కూడా అనిపిస్తుంది నాకు. నవ్వకు.

ఇదీ నా మాట. మీ సభ అయ్యాక, ఎవరెవరు ఆ మూలన నిలబడ్డారో నాకు పేర్లతో రాయి. అంకెలొద్దు, అంకెలు టీవీవాడు చెప్తాడు. తెర లేకుండా తెల్లవాళ్లు నిలబడ్డారని నువ్వు నీ కళ్లతో చూసి రాస్తే, ఇక్కడ మా ఆడవాళ్లందరినీ నేనే తోలుకెళ్తాను. నిలబడకపోతే గవర్నరే మనకి గతి, ఇక ఆ ఊసెత్తకు. ప్రార్థన అయ్యాక అందరూ నన్ను చుట్టుకుని, "సిస్టర్ ఎర్లీన్, మనం ఎటు?" అంటున్నారు. "పోస్టు రానివ్వండి" అంటున్నాను.

పెకాన్ పప్పులు పంపాను. తిను. నీ ఫొటో చూస్తే బుగ్గలు లేవు.

పెద్దమ్మ


హార్మన్, అయోవా
నవంబరు నెలాఖరు

పెద్దమ్మకు,

పప్పులు ముట్టాయి. నీ షరతూ ముట్టింది. పప్పులే తేలిగ్గా అరిగాయి.

రోజూ సాయంత్రం గడప గడపకీ తిరుగుతున్నాను. ఇక్కడివాళ్లు తలుపు మూయరు. లోపలికి పిలిచి, బూట్లు విప్పించి, కాఫీ ఇచ్చి, "ఆమె చాలా తెలివైన మనిషి" అంటారు. ప్రతి వంటింట్లోనూ అదే మాట. నాకు ఆ మాటంటే భయం పట్టుకుంది. గవర్నరు గురించి తెలివైనవాడని ఎవరూ అనరు, "మనవాడు" అంటారు.

మార్వా మా ఊరొచ్చింది. పశువుల వేలం జరిగే షెడ్డులో మాట్లాడింది. ఆర్విల్ చాడెన్ అని ఒక ముసలి రైతు, టోపీ తియ్యకుండా లేచి, "అమ్మా, మా ఊళ్లో గాలి ఎటు తిరిగినా పందుల వాసనే. మీకు పడుతుందా?" అన్నాడు. జనం నవ్వారు. ఆమె, "మా నాన్న పందులే పెంచాడు. వాటికి పేర్లు పెట్టేవాడు, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ల పేర్లు. నా పేరు ఏ పందికీ రాకూడదనే మీ ఊరొచ్చాను" అంది. షెడ్డు అదిరిపోయింది. ఆర్విల్ టోపీ తీశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. బల్ల కింద చెప్పులు విప్పేసి ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని ఉంది. అది చూశాక నాకు ఆమె మీద నమ్మకం కలగలేదు గానీ, ఆమెని వదిలిపెట్టాలనిపించలేదు.

ఇక నీకు కావలసిన మాట. పక్కింటి రూత్ ఆన్ వోగెల్ తెలుసుగా, నేను మంచులో జారిపడితే నెలంతా వండి పెట్టిన మనిషి. ఆమె భర్త హార్లన్‌ది ధాన్యం కొట్టు. మార్వా పేరున్న అట్ట ఇస్తే రూత్ ఆన్ నా ఎదురుగానే తన కిటికీకి అంటించింది. "నేను నీ మూలనే, జెనీవా. ఇంకెక్కడ నిలబడతాను?" అంది. ఆ ఒక్క పేరూ ఇప్పుడే రాసుకో.

జెనీవా


బెతెల్ క్రాస్
డిసెంబరు

జెనీవా,

ఏ కిటికీ?

వీధి వైపుదా, నీ ఇంటి వైపుదా? వెళ్లి చూసి రాయి.

ఇక్కడ గవర్నరు మనుషులు చర్చికి విసనకర్రలు పంచారు, ఒక్కోదాని మీద ఆయన మొహం. హీటరు ఎక్కువ పెడితే జనమంతా ఆయన్ని పట్టుకుని ఊపుతున్నారు. చర్చి పెద్ద డీకన్ గ్రేడీ, "ఈయన ఇంత గాలి ఇవ్వడం ఇదే మొదలు, ఇదే ఆఖరు" అన్నాడు. నవ్వలేక చచ్చాను. మా ఆడవాళ్లు నన్ను చూస్తున్నారు. నేను పోస్టు కోసం చూస్తున్నాను.

మార్వా గుర్తొచ్చినప్పుడల్లా ఆ చెప్పుల్లేని పాదాలే గుర్తొస్తున్నాయి. అవి ఎందుకు రాశావే నాకు?

పెద్దమ్మ


హార్మన్
జనవరి ఒకటి

పెద్దమ్మకు,

పండగ పూట బొబ్బర్లు, అన్నం, ఆకుకూర వండుకున్నాను. నీ చేతిది కాదు గానీ తిన్నాను.

కిటికీ నా ఇంటి వైపుది. వీధిలోకి కనపడదు. నా వంటింట్లో నిలబడితే తప్ప లోకంలో ఎవరికీ కనపడదు. వెయ్యి మైళ్ల దూరాన కూర్చుని నువ్వు ఎలా చూశావు? రోజూ గిన్నెలు కడుగుతూ ఆ అట్టనే చూస్తూ నేనెందుకు చూడలేదు?

హార్లన్ కొట్టుకి వచ్చేవాళ్లంతా గవర్నరు మనుషులు, వ్యాపారం కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆమె తరఫున నేనే వాదిస్తున్నాను చూడు. ఆమెని అడగలేదు. అడిగితే అట్ట వీధి వైపుకి మారుస్తుందేమో. అడిగి మార్పించింది నాకెందుకు? సభ ఎల్లుండి.

జెనీవా


హార్మన్
జనవరి, సభ మర్నాడు

పెద్దమ్మకు,

బాగానే జరిగింది. రాష్ట్రం మొత్తం మీద మార్వాది మూడో స్థానం, నూటికి పదిహేడు. టీవీవాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువే. ఇక్కడ మంచు కురుస్తోంది, నాకు కాస్త జలుబు. వివరంగా తర్వాత రాస్తాను.

జెనీవా


బెతెల్ క్రాస్
జనవరి

జెనీవా,

జలుబైతే అల్లం నీళ్లు తాగు. అబద్ధమైతే దానికి నా దగ్గర మందు లేదు.

నేను మనుషుల్ని అడిగితే నువ్వు అంకెలు పంపావు. నూటికి పదిహేడట. ఆ పదిహేడుతో ఏం చేసుకోను? ఆదివారం మా వాళ్లు, "పోస్టు వచ్చిందా సిస్టర్?" అంటే, "వచ్చింది, లోపల ఏమీ లేదు" అన్నాను.

రెవరెండ్ ఇంటికి వచ్చి వెళ్లాడు. ఓట్లకి ముందు ఆదివారం గవర్నరు స్వయంగా మా చర్చికి వస్తున్నాడు. మా ఆడవాళ్ల తరఫున నేను వేదిక మీద ఆయన పక్కన నిలబడాలట. ఆలోచించి చెప్తానన్నాను. దేని మీద ఆలోచించాలో నువ్వే రాయాలి. నిన్ను పెంచినదాన్ని. నిజం వింటే చచ్చిపోయేంత సున్నితం కాదని నీకు తెలుసు.

పెద్దమ్మ


హార్మన్
జనవరి

పెద్దమ్మకు,

సరే. పేర్లు రాస్తున్నాను.

మా మూల పాల ఫ్రిజ్ పక్కన. గవర్నరు మూల వేడి వచ్చే గొట్టం దగ్గర. అంతా తడి కోట్ల వాసన. నా క్లాసు పిల్లలు వచ్చారు. లూథరన్ పాస్టరు భార్య ఇంగ్రిడ్ వచ్చింది, నర్సు టీనా వచ్చింది, టోపీతో ఆర్విల్ వచ్చాడు. మూల చెల్లాలంటే ఇరవై మంది కావాలి. మేము పదిహేడు మందిమి. ఊరంతా చూస్తుండగా మెడ ఎత్తుకుని నిలబడ్డారు ఆ పదహారుగురూ, వాళ్లంతా తెల్లవాళ్లే. ఆ సంగతి నేను తక్కువ చేసి చెప్పను.

రూత్ ఆన్ హార్లన్‌తో వచ్చింది. కోటు తగిలించింది. నన్ను చూసింది. నా వైపు ఒక అడుగు వేసింది, పెద్దమ్మా, అది నా ఊహ కాదు. అంతలో హార్లన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు, వీధి దాటేటప్పుడు పట్టుకున్నట్టు. కోటు జేబులో ఏదో మరిచిపోయినదానిలా ఆమె వెనక్కి తిరిగింది. తర్వాత చూస్తే గవర్నరు మూలలో, పొడుగువాళ్ల వెనక ఉంది.

మూల చెల్లలేదన్నాక పిలుపులు మొదలయ్యాయి. మా దగ్గరికి హార్లన్ వచ్చాడు, చేతిలో పళ్లెం, పళ్లెంలో రూత్ ఆన్ చేసిన నిమ్మ బిళ్లలు.

"బాగా పోరాడావు జెనీవా. ఇక మా వైపు వచ్చెయ్. నువ్వంటే మా అందరికీ ఎంత ఇష్టమో నీకు తెలుసుగా."

"అంత ఇష్టమైతే మీరే ముగ్గురు రండి. మాకు ముగ్గురే తక్కువ."

నవ్వాడు. "ఆమె మంచిదే. చాలా తెలివైన మనిషి. కానీ గెలవదు కదా."

"మీరు రారు కాబట్టి ఆమె గెలవదు. ఆమె గెలవదు కాబట్టి మీరు రారు. ఇందులో ఏది ముందు హార్లన్?"

"ప్రొఫెసరువి, నీతో నేను వాదించగలనా? ఒక బిళ్ల తీసుకో."

"వద్దు. అవి నాకు ఎంత ఇష్టమో మీ ఆవిడకి తెలుసు. అందుకే వద్దు."

పిల్లలు నా చుట్టూ చేరారు. ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "మేడమ్, మా ఓటు వృథా కాకూడదు కదా, రెండో మనిషికైనా..." అంది. వెళ్లమన్నాను. వాళ్ల తప్పు కాదు, ఆట నియమమే అది. ఇంగ్రిడ్ నన్ను కౌగిలించుకుని వెళ్లింది. టీనా కౌగిలించుకోకుండా వెళ్లింది. చివరికి పాల ఫ్రిజ్ పక్కన నేనూ ఆర్విల్ మిగిలాం.

"మీరు వెళ్లరా?" అన్నాను.

"ఈ మూలకి రావడానికే డెబ్బై ఏళ్లు పట్టింది. ఇంకో మూలకి పోయేంత ఆయుష్షు లేదు" అన్నాడు.

సభ నడిపేది బడి లైబ్రేరియను. ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా, "జెనీవా, మీరిద్దరూ ఎటో ఒకవైపు చేరకపోతే మిమ్మల్ని లెక్కలో వేసుకోలేను" అంది.

"వేసుకోకండి. చూడండి చాలు" అన్నాను.

గట్టిగా అనాలని అనలేదు. హాలు ఆ క్షణాన నిశ్శబ్దంగా ఉంది, అందరికీ వినపడింది. ఇన్నేళ్లుగా వాళ్ల పిల్లలకి పాఠాలు చెప్పాను, వాళ్ల పెళ్లిళ్లకి వెళ్లాను, వాళ్ల చావులకి కూర వండి తీసుకెళ్లాను. ఆ రాత్రి లెక్క పూర్తయ్యేదాకా వాళ్లు నన్ను చూడక తప్పలేదు. చాలామంది బూట్లు చూసుకున్నారు. నేను చేస్తున్నది ధైర్యమో మొండితనమో తేల్చుకోలేకపోయాను. కదలలేదు. అంతే.

మర్నాడు రూత్ ఆన్ తలుపు తట్టింది. "నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు" అంది. "అర్థమైంది రూత్ ఆన్. క్షమించానని మాత్రం అనుకోకు" అన్నాను. ఇరుగుపొరుగుతో ఈ ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. నేనూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె మెట్లు దిగేదాకా తలుపు తెరిచే ఉంచాను.

నీకు అంకెలు ఎందుకు పంపానంటే, ఈ నిజం చదివితే నువ్వు గవర్నరు పక్కన నిలబడతావని. ఇక్కడ పదహారుగురు నిలబడ్డారని రాసి ఆపేయొచ్చు, అది అబద్ధం కాదు. చెదిరిపోయారన్నది రాయకుండా ఉండొచ్చు. రెండు రోజులు ఆ ఉత్తరం మనసులో రాసుకున్నాను కూడా. కానీ నువ్వు అడిగింది తెర లేనప్పుడు వాళ్లు ఏం చేస్తారని. ఇదీ చేసేది. కాసేపు నిలబడతారు, మనసారా నిలబడతారు, తర్వాత గెలిచే మూలకి వెళ్తారు. ఒక్క ఆర్విల్ మిగిలాడు. నీ షరతుకి ఆ ఒక్క పేరు చాలదని నాకు తెలుసు.

ఇది చదివి నువ్వు ఆయన పక్కన నిలబడితే నిన్ను తప్పు పట్టను. నువ్వడిగిన రుజువు నా దగ్గర లేదు.

జెనీవా


బెతెల్ క్రాస్
శనివారం, ఓట్ల రోజు

నా తల్లీ,

నీ ఉత్తరం పోయిన వారం మంగళవారం వచ్చింది. బుధవారం అన్నం సయించలేదు. ముందు నీ మీద కోపం వచ్చింది, తర్వాత ఆ రూత్ ఆన్ మీద, ఆ పళ్లెం మోసుకొచ్చినవాడి మీద. గురువారం పొద్దున కాఫీ కాస్తుంటే నా మీద నాకే వచ్చింది. అది మాత్రం తగ్గలేదు.

ఏం అడిగానే నేను నిన్ను? తెల్లవాళ్లు ముందు నిలబడితే తర్వాత నేను నిలబడతానని. వాళ్లు సరేనంటే నా మనిషికి నేను ఓటేసుకుంటానని. మోజెస్‌ని ఆ గుమాస్తా కూర్చోబెట్టాడు. నన్ను ఎవరు కూర్చోబెట్టారు? నేనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పైగా దానికి తెలివని పేరు పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం గవర్నరు వచ్చాడు. చర్చి కిటకిట. వేదిక ఎక్కనని రెవరెండ్‌కి ముందే చెప్పాను, నడవ చివర నా చోటే ఉంటానన్నాను. మా ఆడవాళ్లు ఎప్పటిలాగే గోడల వెంట, నడవల చివర తెల్ల తొడుగులతో నిలబడ్డారు. మేము కూర్చోమని నీకు తెలుసుగా. ఒంట్లో బాగా లేకపోయినా, కాళ్లు వాచిపోయినా, ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నది లేదు. నేను వాళ్లకి పెద్దనయ్యాక ఒక్కరోజు కూర్చోలేదు.

గవర్నరు బాగానే మాట్లాడాడు. చెడ్డవాడని అనను. ఆయన ముగించాక రెవరెండ్ రెండు చేతులూ ఎత్తి, "గవర్నరుగారికి అండగా ఉన్నవాళ్లంతా లేచి నిలబడండి" అన్నాడు. టీవీ కెమెరా తిరుగుతోంది. ముందు వరుసలు లేచాయి. నాకు అప్పుడు తట్టింది, మేము అప్పటికే నిలబడి ఉన్నాం! లేవకుండానే లెక్కలో పడిపోతున్నాం!

కూర్చున్నాను.

ఎక్కడని? వెనక కుర్చీల్లేవు. నడవ మధ్యలో, ఆ ఎర్ర తివాచీ మీద, ఆదివారం బట్టల్లో. మోకాళ్లు నన్ను నానా మాటలూ అన్నాయి. అటు గోడ దగ్గర లూవెల్లా నన్ను చూసి నోరు తెరిచి, తనూ కూర్చుంది. తర్వాత ఇవాలిన్. తర్వాత అందరూ, గోడల వెంట ఒకరి తర్వాత ఒకరు, తెల్ల తొడుగుల చేతులు ఒళ్లో పెట్టుకుని. ముందు వరుసల్లో లేచినవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కొందరు మెల్లగా కూర్చున్నారు. డీకన్ గ్రేడీ అయితే, "హమ్మయ్య, నా నడుము బతికింది" అని పైకే అని కూలబడ్డాడు.

రెవరెండ్ మైకులోనే, "సిస్టర్ ఎర్లీన్, ఒంట్లో బాగుందా?" అన్నాడు.

"దివ్యంగా ఉంది రెవరెండ్. కూర్చున్నానంతే" అన్నాను.

లేవడానికి మాత్రం ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

సోమవారం ఆయన ఇంటికి వచ్చి, "ఇంకెవరికైనా ఆ బాధ్యత ఇస్తే బాగుంటుందేమో సిస్టర్, మీకు వయసయింది" అన్నాడు. "ఇవ్వండి. ఎవరికిస్తారో వాళ్లని అడిగి ఇవ్వండి" అన్నాను. ఇంతవరకూ ఒప్పుకున్నది ఒక్కతీ లేదట. రేపెవరైనా ఒప్పుకున్నా నేను ఏడవను. అబద్ధం, ఏడుస్తాను. కానీ తిరిగి ఇమ్మని అడగను.

భయం పోయిందనుకోకు. ఆమె టీవీలో కనపడితే ఇప్పటికీ ఆమె చుట్టూ ఉన్న మనుషుల చేతులే చూస్తాను. కానీ నేను ఓటు వెయ్యకపోతే ఆమె బతుకుతుందా? ఆమె భయపడకుండా వస్తుంటే నేను ఆమె బదులు భయపడి ఇంట్లో కూర్చోవడం ఎలాంటి ప్రేమ? ఆ పిల్ల కాళ్లు చల్లబడేలా తిరుగుతోంది, నేను సాక్సులు వేసుకుని ఆలోచిస్తున్నాను.

ఇవాళ పొద్దున్నే లూవెల్లా కొడుకు వ్యాను తెచ్చాడు. మూడు విడతలు తిరిగాం. దారిలో ఇవాలిన్, "ఆమె గెలుస్తుందంటావా సిస్టర్?" అంది. "ఆ ప్రశ్న ఇంకోసారి అడిగితే వ్యాను ఆపి దించేస్తాను" అన్నాను. దిగేదాకా పాడుకుంటూ వెళ్లాం. నా ఓటు మార్వా గెయిన్స్‌కి వేశాను. ఆర్విల్ నిలబడ్డాడని కాదు, రూత్ ఆన్ నిలబడలేదని కాదు. నాకు ఆమె కావాలి. అంత చిన్న మాట అనడానికి ఇంత వయసు రావాలా?

ఇప్పుడు మధ్యాహ్నం. ఓట్లు ఇంకా పడుతున్నాయి, సాయంత్రానికి రేడియోలో చెప్తారు. కోటు వేసుకునే రాస్తున్నాను, రేడియో పెట్టకముందే ఇది పోస్టు పెట్టెలో పడాలి. ఫలితం తెలిశాక రాస్తే, దాన్ని చూసి రాశాననుకుంటావు.

నీ పెద్దమ్మ ఎర్లీన్